మన భాషల చెప్పిన మాట

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏందంటే, మా అవ్వ నన్ను నమ్ముతది.

రుచితకు ఒళ్లు వేడైతే భయపడ్త. మా అత్తమ్మ కుర్చీ జరిపిన చప్పుడైతే భయపడ్త. గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంట. చిన్నప్పటి సంది నా గుండె గట్లాంటిదే. కాని అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నేనేం చెప్పినా నన్ను కన్న మా అవ్వ "సరే బాయి" అంటది. ఎందుకని అడగది. ఒక్కసారన్న అడిగితే ఎంత బాగుండు అని గీ రెండేండ్లల్ల ఎన్నిసార్లు అనుకున్ననో.

మొన్న ఆదివారం పొద్దున చిక్కుడుకాయలకు నారలు తీస్తున్న. అప్పటికే రెండు బకెట్ల బట్టలు ఆరేసిన. మామయ్యకు జొన్నరొట్టె, అత్తమ్మకు షుగరు గోళీ తోని ఉప్మా, ఈయనకు దోశ, రుచితకు పాలల్ల బ్రెడ్డు అయిపోయినయి. నా చాయ స్టవ్ పక్కన మీగడ కట్టి చల్లారింది. మా ఆయన విద్యాధర్ వచ్చి నా ఎదురుంగ కుర్చీ ఏసుకొని కూసున్నడు. వంటింట్ల కూసోని మాట్లాడిండంటే ఏదో పనున్నట్టే.

"ఆమనీ, అక్కడ పత్తి ఏరుడు అయిపోయింది గద. సోమవారం కాక పై సోమవారం పొక్లెయిన్ పెడుతున్నం. మీ అవ్వకు ఒక మాట చెప్పాలె. మేం చెప్తే ఆమెకు సమజ్ కాదు. నువ్వైతే మీ భాషల మంచిగ చెప్తవ్."

నా చేతుల చిక్కుడుకాయ అట్లనే ఆగింది. 'మీ భాషల.' పెండ్లయి ఆరేండ్లు. గీ ఆరేండ్లల్ల ఆ మాట ఈ ఇంటోళ్ల నోట్లకెళ్లి మంచిగ వచ్చింది రెండేసార్లు. రెండుసార్లూ మా అవ్వ భూమి గురించే.

నా పేరు ఆమని కాదు. పెందూర్ మోతుబాయి. బోథ్ నుంచి ఇంకా లోపలికి పోతే జాంగూడ అని ముప్పై ఇండ్ల గూడెం, అది మాది. మేం గోండులం. మా బాపు ఆ ఊరికి పట్లా, అంటే పెద్దమనిషి. మా అత్తమ్మ ఇందిరాదేవి చుట్టాలొస్తే నన్ను చూపించి, "బోథ్ దిక్కు పటేలోళ్ల పిల్ల" అంటది. అబద్ధమేం కాదు. ఎంత చెప్పాలో అంత చెప్పి ఆపుతది, గంతే. వాళ్లు పోయినంక మాత్రం, "మాట్లాడకుండ నవ్వుకుంట నిలబడు అంటే నిలబడ్డవ్, బతికించినవ్. నోరు తెరిస్తే కొండ వాసన కొడ్తది నీ మాట" అంటది. కోపంగ కాదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్తది. గందుకే ఎదురు మాట్లాడనీకి నాకు ఏ జాగ దొరకది.

ఆశ్రమ పాఠశాలల నన్ను ఏసినప్పుడు నాకు ఆరేండ్లు. తెలుగు ఒక్క ముక్క రాదు. రెండో రోజు ఒంటికి పోతానని ఎట్లడగాల్నో తెల్వక, మా భాషల అడిగితే టీచరు "తెలుగుల చెప్పు" అన్నది. చెప్పరాలే. నిలబడ్డ కాడనే గౌను తడిసింది. పిల్లలంత నవ్విండ్రు, వాళ్లల్ల సగం మంది మా గోండుల పిల్లలే. ఆ రోజు నిశ్చయం చేసుకున్న, ఈ తెలుగేదో నేను అందరికంటె మంచిగ నేర్చుకుంటనని. నేర్చుకున్న. ఎనిమిదోల వ్యాసరచనల ఫస్టొచ్చిన. సెలవులకు ఇంటికి పోతే మా అవ్వకు నేనే నోరు. కరెంటోడొచ్చినా, అంగన్‌వాడి కార్డు రాయాలన్నా, బోథ్ల విత్తనాల దుకాణానికి పోయినా, అవ్వ నా చెయ్యి పట్టుకొని ముందల నిలబెట్టేది. అవ్వ నా చెవుల చెప్పేది, నేను తెలుగుల చెప్పేది. వాళ్లు తెలుగుల అంటే, నేను అవ్వకు మా భాషల మలిపి చెప్పేది.

పదోల ఉండంగ బాపు చచ్చిపోయిండు. మట్టికి వచ్చినదాన్ని మల్ల బడికి పోలే. అవ్వ ఒక్కతే నాలుగెకరాలు చేస్తున్నది, ఇంట్ల ఇంకెవరు లేరు. బాపు సమాధి చేన్ల ఒడ్డుకే ఉన్నది, రోడ్డు దిక్కు. కొత్త జొన్న కోసినంక మొదటి ముద్ద అక్కడ పెట్టి గాని అవ్వ నోట్ల పెట్టుకోది.

విద్యాధర్‌ను ఆ విత్తనాల దుకాణంలనే చూసిన. దుకాణం వీళ్లదే. మా మామ దామోదర్‌రావు ముప్పై ఏండ్ల కింద కరీంనగర్ నుంచి వచ్చి పెట్టిండట. కాపురం మాత్రం కరీంనగర్లనే, ఇప్పుడు నేనున్నది ఆ ఇంట్లనే. కొడుకు గల్లా మీద కూసునేటోడు. "నీ తెలుగు మా చెల్లెండ్ల కంటే మంచిగున్నది" అన్నడు ఒకసారి. నాకు పద్దెనిమిదేండ్లు. బడి పోయినంక ఎవరన్న నా తెలుగును మెచ్చుకున్నది అదే మొదలు. ఇంకేం కావాలె పిచ్చిదానికి?

పెండ్లి మాటెత్తితే మా మామ ఇల్లు కూలగొట్టినంత పని చేసిండట. "గోండు పిల్లనా? నా శవం మీదికెళ్లి తెచ్చుకో" అన్నడట. గట్లాంటి మనిషి వారం దినాలల్ల ఒప్పుకున్నడు. ఆయనే మా గూడేనికి కారేసుకొని వచ్చిండు. మా అవ్వ ఇచ్చిన నీళ్లు తాగిండు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది, మనిషి మనసు గింతల మారుతదా అని. మనసు కాదని తెల్సుకునే వరకు నాలుగేండ్లు పట్టింది. మా దిక్కు ఏజెన్సీ భూములు బయటోళ్లు కొనవద్దని చట్టమున్నది. గోండుల పేరు మీద ఉన్నది గోండుల పేరు మీదికే మారాలె. మా మామకు ఇంట్లకే ఒక గోండు పేరు నడిచొస్తున్నదని ఎవరో దోస్తు చెప్పిండు. గంతే.

"ఇంట్ల ఆమని. కాయిదం మీద మోతుబాయి. రెండు పేర్లు, ఎంత అదృష్టమే నీది" అని ఒకసారి నవ్వుకుంట అన్నడు మామయ్య. నేనూ నవ్విన.

రుచిత పుట్టినంక మొదటి మూడు నెలలు ఎవరు లేనప్పుడు మా భాషల జోల పాడేదాన్ని. మా అవ్వ నాకు పాడిందే. ఒకరోజు అత్తమ్మ తలుపు కాడ నిలబడి విన్నది. "పిల్లకు ముందుగాల ఏ మాట చెవుల పడ్తే అదే నాలుక మీద కూసుంటది. రేపు కాన్వెంట్ల నలుగురి మధ్యల ఆ కూతలు కూస్తే మా ఇజ్జతేమైతది?" అన్నది. నేను సరే అన్న. నోరు మూసుకొని కూని రాగం తీయబట్టిన. మాటలు లేకుంట జోల పాడితే ఎట్లుంటదో మీకు తెల్వది. పిల్ల నిద్ర పోతది, తల్లికి మాత్రం పాట లోపలనే ఉండిపోతది. పోయిన యేడు నర్సరీల ఏసేటప్పుడు ఫారం నింపుకుంట ఈయన మాతృభాష అన్న కాడ 'తెలుగు' అని రాసిండు. మాతృ అంటే తల్లి గద, తల్లిని నేను పక్కనే కూసున్న, ఒక్కసారి నా దిక్కు చూస్తడేమో అనుకున్న. పెన్ను ఆగనే లేదు.

మా మీది పోర్షన్ల యాస్మీన్ వాళ్లు కిరాయికుంటరు. వాళ్లాయన షాబాజ్‌కు సెల్ ఫోన్ల దుకాణం. యాస్మీన్ పిల్లలను మెట్ల మీద నిలబడి ఉర్దూల తిడ్తది, గల్లీ మొత్తం వినపడ్తది. అత్తమ్మ "ఏం లొల్లో తల్లీ" అని చెవులు మూసుకుంటది. నేనేమో వంటింటి కిటికీ తెరుస్త. ఒక తల్లి తన సొంత భాషల, గంత గట్టిగ, ఎవరికి భయపడకుంట పిల్లలను తిట్టుకుంటుంటే ఇనబుద్ధైతది. ఒకసారి మిద్దె మీద బట్టలు తీస్తుంటే అడిగింది: "ఆమనీ, నీకు కోపమొస్తే ఏ బోలిల తిడ్తవే? తెలుగుల తిడ్తే గూడ పుస్తకం చదివినట్టే ఉంటది నీది." "నాకు కోపం రాదు" అన్న. "హౌలే! కోపం రాని ఆడది ఉంటదా? బోలి మర్చిపోయినవ్, గంతే" అని నవ్వింది. ఆ రోజంత ఆ మాట నన్ను పట్టుకొని ఇడువలే.

ఇగ అసలు సంగతి చెప్పాలె. చెప్పకుంట ఇంత దూరం తిప్పుకొచ్చిన.

రెండేండ్ల కింద ఒక మంగళవారం ఈయన నన్ను, మా అవ్వను కారుల ఎక్కించుకొని తహసీల్దార్ ఆఫీసుకు తీస్కపోయిండు. దారిల నాకు చెప్పిండు: "భూమి కొలిచి ఆన్‌లైన్ల ఎక్కిస్తున్నరు. మీ అవ్వ పేరు మీదుంటే రేపు ఎవడన్న గుంజుకుంటడు. అట్ల కాకుంట చేస్తున్నం. గట్లనే చెప్పు ఆమెకు." నేను అవ్వకు మా భాషల చెప్పిన. అవ్వ "సరే బాయి" అన్నది. కారు కిటికీలకెళ్లి చెట్లు చూసుకుంట కూసున్నది. ఏసీ గాలికి కొంగు చెవుల చుట్టూ కప్పుకున్నది.

ఆఫీసుల కాయితాలు నా ముందటనే ఉన్నయి. వ్యాసరచనల ఫస్టొచ్చినదాన్ని, తెలుగు సదవరాదా నాకు? పైన పెద్ద అక్షరాలల్ల 'దానం' అని ఉన్నది. ఇచ్చేటోళ్లు గంగుబాయి, అది మా అవ్వ. తీసుకునేటోళ్లు మోతుబాయి, అది నేను. సదివిన. రెండుసార్లు సదివిన. ఈయన దిక్కు చూసిన. ఈయన గోడ మీద క్యాలెండర్ చూస్తుండు. చంకల పిల్ల ఏడుస్తున్నది. అక్కడ కూసున్న సారు మా అవ్వను అడిగిండు: "ఏమమ్మా, నీ బిడ్డకు ఇష్టపూర్తిగనే ఇస్తున్నవా?"

అవ్వ నా దిక్కు మళ్లింది. చిన్నప్పటి తీరే. నేనే గద ఆమె చెవి, ఆమె నోరు.

నేను ఏమన్ననంటే: "భూమి కొలిచి, ఎవరు గుంజుకోకుంట రాస్తున్నరట. నీకు ఇష్టమేనా అని అడుగుతుండు."

అవ్వ నవ్వింది. "ఇష్టం కాక మరేంది?" అన్నది. తల ఊపింది. సారుకు తల ఊపుడు సరిపోయింది.

ఎందుకట్ల చెప్పినవ్ అని మీరడుగుతరు. నేను రోజూ అడుక్కుంట. భయమైంది. ఇంటికి పోయినంక అత్తమ్మ మొఖం, పిల్ల, ఈయన మాట్లాడకుంట వారాల కొద్ది తిరిగే తీరు. అవన్ని ఒక్కసారి కండ్ల ముందటికొచ్చినయి. నా పేరు మీదికే వస్తుంది గద, నా పేరు మీదున్నా అవ్వదున్నా ఒకటే గద అని నాకు నేనే చెప్పుకున్న. వేలిముద్ర మిషన్ల అవ్వ వేలు పడలే. పత్తి ఏరి ఏరి వేలు పగిలిపోయింది, గీతలే లేవు. మూడుసార్లు పెట్టినా ఎర్ర లైటే. అప్పుడు నేను నా కొంగుతోని అవ్వ వేలు తుడిచి, నా నోటి తడి అద్ది, నా చేతితోని మిషన్ మీద ఒత్తి పట్టుకున్న. పచ్చ లైటు వచ్చింది.

గూడేనికి తిరిగొచ్చినంక నేను అవ్వను అడిగిన. ఎందుకడిగిన్నో, నన్ను తిట్టాలని అడిగిన్నో. "అవ్వా, ఏం కాయిదమో సదివించుకోకుంట వేలు పెడ్తవా? ఎవరన్న మోసం చేస్తే?" అవ్వ పొయ్యి ఊదుకుంట అన్నది: "సావుకారి భాషల మోసం ఉంటది బాయి. సర్కారు భాషల ఉంటది. నువ్వు నాకు మన భాషల చెప్పినవ్. మన భాషల మోసం చేసేటోడు ఇంకా పుట్టలే."

మా గూడెంల ముసలోళ్లంత గట్లనే నమ్ముతరు. మా తాతల భూములు పోయిందంత వేరే భాషల్లనే. మరాఠీల రాసిన చిట్టి, ఉర్దూల రాసిన పట్టా, తెలుగుల రాసిన నోటీసు. గందుకని మా భాష ఒక్కటి మిగిలిన జాగ అనుకుంటరు, మైల పడని జాగ. దానికి లిపి తెలిసినోళ్లు తక్కువ గాబట్టి దాంట్ల రాసిన కాయిదం లేదు, కాయిదం లేదు గాబట్టి అబద్ధం లేదు. ఆ రోజు అవ్వ చూరుల దాచిన మోదుగాకు దొప్ప తీసి నాకిచ్చింది. దాంట్ల పిడికెడు జొన్నలు. విత్తనాల పండుగనాడు దేవుని ముందట పెట్టి ఊరంత పంచుకునే గింజలు. "నీ పాలు" అన్నది. నేను కొంగుల కట్టుకొని కరీంనగర్ తెచ్చుకున్న. ఎండు మిరపకాయల డబ్బాల కింద దాచిన. ఇప్పటికీ ఉన్నయి.

ఆ రెండేండ్లు అవ్వ ఆ భూమి దున్నుకున్నది, తనదే అనుకుంట. ఎవరు ఏమనలే. నేనూ ఏం చెప్పలే. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. నా పేరు మీద పెట్రోల్ బంక్ వస్తదట. గోండు ఆడదాని పేరు మీదైతే జల్ది వస్తదట. శుక్రవారం ఆ బంక్ కాయితాల మీద నేను ఆఫీసుల సంతకం పెట్టాలె, పై సోమవారం పొక్లెయిన్ రావాలె.

ఆదివారం పొద్దుగూకంగ చాయల వేళ ఫోను పెట్టిండ్రు. డైనింగ్ టేబుల్ మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేసిండు ఈయన. మామయ్య కుర్చీ ముందటికి జరుపుకున్నడు. అత్తమ్మ "జల్ది కానీయుండ్రి, సీరియల్ టైమైతుంది" అన్నది. నేను నలుగురి చాయ పోసి, చేతులు కొంగుకు తుడుచుకొని నిలబడ్డ.

"హలో" అన్నది అవ్వ. వెనుక కోడి అరుస్తున్నది.

మామయ్య నాకు మెల్లగ చెప్తుండు, బళ్లె డిక్టేషన్ చెప్పినట్టు: "చెప్పు. పొక్లెయిన్ వస్తుంది, భయపడొద్దను. భూమి సాపు చేసి బోరు ఏస్తున్నమని చెప్పు. ఆమె పంటకే అని చెప్పు."

"బాపు సమాధి సంగతి సుత చెప్పు" అన్నడు ఈయన. "జర పక్కకు జరిపి టైల్స్ ఏసి మంచిగ కట్టిస్తమని."

నేను నోరు తెరిచిన. ఎన్నో నెలలైంది ఆ ఇంట్ల గట్టిగ మా మాట మాట్లాడక. మొదటి మాట అన్ననో లేదో, రుచిత బొమ్మ పడేసి వచ్చి నా మోకాళ్లు పట్టుకొని నా నోట్లకు చూడబట్టింది. "అమ్మా, నీ నోట్ల ఎవరున్నరు?" అన్నది. అత్తమ్మ కిసుక్కున నవ్వింది.

అవ్వ మా భాషల అన్నది: "చెప్పు బాయి. వింటున్న."

మా మామయ్య, మా అత్తమ్మ, మా ఆయన నా నోటి దిక్కే చూస్తున్నరు. చూస్తున్నరు, ఒక్క ముక్క సమజ్ కాదు వాళ్లకు. అప్పుడు నాకొకటి ఎరుకైంది. ఆరేండ్లు నన్ను ఏ జాగలకు పోవద్దన్నరో, ఆ జాగల వాళ్లు లేరు. ఆ జాగల మా అవ్వ నేను ఇద్దరమే ఉన్నం.

నేను చెప్పిన. పొక్లెయిన్ అన్న. బోరు అన్న. ఆ రెండు మాటలు వినబడితే వీళ్లు తల ఊపుతరని తెలుసు, ఊపిండ్రు. విద్యాధర్ అనలే, 'నా ఇంటాయన' అన్న. పెట్రోల్ బంక్ అంటే దొరికిపోత, గందుకని 'బండ్లు నూనె తాగే జాగ' అన్న. అవ్వా, బోరు అబద్ధం. ఆ మిషన్ నీ పంటకు వస్తలే. ఆ రోజు నీ వేలు నేను ఒత్తిన చూడు, అది కొలతల కాయిదం కాదు. నీ భూమి నా పేరు మీదికి మార్చిన కాయిదం. నాకు తెలుసు. నేను సదివిన. సదివి నీకు వేరే చెప్పిన. నా పేరు మీదంటే నాది కాదు, వీళ్లది. బాపు పండుకున్న కాడ బండ్లు నిలబడ్తయి. నువ్వు ఎవరికీ ఇంకో వేలు పెట్టకు. నేను చెప్పినా పెట్టకు.

అవతల కోడి అరుపు ఆగింది. మామయ్య "ఊఁ, కానీ" అన్నట్టు చెయ్యి ఊపుతుండు. నా మొఖం వీళ్లకు కనబడొద్దని రుచితను ఎత్తుకున్న.

అవ్వ మాట్లాడింది. తిట్టలే. ఏడ్వలే. మెల్లగ అన్నది:

"అప్పుడు సుత మన భాషల్నే చెప్పినవ్ గద బాయి."

ఫోన్ కట్ అయింది.

"ఏమంటుంది?" అన్నడు మామయ్య.

"సరే అన్నది."

"చూసినవా? ఏం లేదు, అమాయకపు మనుషులు. చెప్పే తీరుల చెప్తే వింటరు" అని చాయ తాగి గ్లాసు నా దిక్కు జరిపిండు. అత్తమ్మ టీవీ పెట్టుకుంట, "పొద్దున చిక్కుడుకాయల ఉప్పు తక్కువైంది, రాత్రికి చూసుకో" అన్నది. నేను గ్లాసులన్నీ తీసి కడిగిన. మంచిగ కడిగిన. ఒక గ్లాసును మల్ల మల్ల కడిగిన.

సోమవారం అందరు బయటికి పోయినంక బీరువాల నుంచి నా పేరు మీది భూమి పాస్‌బుక్ తీసి మిద్దె మీదికి పోయిన. యాస్మీన్ గోధుమలు ఎండబోస్తున్నది.

"ఇది నీ పిండి డబ్బాల పెట్టు" అన్న.

"ఏందే ఇది? చోరీ మాలా?"

"నాదే."

"నీదైతే నీ ఇంట్ల దాచుకోవాలె గద."

"నాది దాచుకునే జాగ ఆ ఇంట్ల లేదు."

యాస్మీన్ నవ్వు ఆపి పుస్తకం తెరిచింది. ఫోటో చూసింది, నన్ను చూసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంట సదివింది. "మోతుబాయి ఎవరే?"

"నేనే."

యాస్మీన్ చేతికంటిన దుమ్ము దులుపుకొని, నా చెయ్యి పట్టుకొని, "సలాం మోతుబాయి" అన్నది. ఈ ఊర్ల ఆ పేరుతోని నన్ను పిలిచిన మొదటి మనిషి ఆమె. నాకు ఏడుపు రాలే. కోపం వచ్చింది. ఆరేండ్లది ఒక్కసారే వచ్చింది. మా భాషల వచ్చింది. యాస్మీన్‌కు ఏం సమజ్ కాకున్నా, "ఆఁ, గట్ల తిట్టు, గట్లనే" అనుకుంట నిలబడ్డది.

ఇయ్యాల బుధవారం. రుచిత బడికి పోయింది, అత్తమ్మ పండుకున్నది. బియ్యం సంచి మీద కూసొని, రుచిత పాత నోటుబుక్కుల ఇది రాస్తున్న. తెలుగుల రాస్తున్న, నాకు రాయ వచ్చింది ఇదొక్కటే గాబట్టి. నా భాషను అబద్ధానికి వాడిన, అందుకు నిజం చెప్పుకోనీకి వాళ్ల భాషనే దొరికింది.

శుక్రవారం సంతకానికి నేను ఉండ. రేపు పొద్దున రుచితను బడికని తయారు చేసి, బడికి కాకుంట బస్సు కాడికి తీస్కపోత. యాస్మీన్ పాస్‌బుక్ పట్టుకొని బస్టాండ్ కాడికి వస్తనన్నది. మిరపకాయల డబ్బా కింది జొన్నలు కొంగుల కట్టుకున్న. భూమి తిరిగి అవ్వ పేరు మీద ఎక్కియ్యమని ఏ ఆఫీసుల అడగాల్నో, అడిగితే ఇస్తరో ఇయ్యరో తెల్వది. మొన్నటి వరకు తెలుగు వస్తే అన్నీ తెలుస్తయని అనుకునేదాన్ని. ఒక్కటి మాత్రం ఎరుకే. నా సంతకం లేకుంట ఆ మిషన్ ఆ గట్టు దాటదు.

మా అవ్వ ఫోన్ ఆదివారం సంది బంద్ ఉన్నది. రోజుకు ఇరవైసార్లు చేసిన. చార్జింగ్ అయిపోయిందేమో, గూడెంల కరెంటు లేదేమో. ఏమన్న చేసుకున్నదేమో. ఆ మాట రాసి కొట్టేసిన, మల్ల రాసిన. నేను పోతే తలుపు తీస్తదో లేదో. తీసినా, నా ముందట మంచిగున్నట్టే ఉంటది. నేను చెప్పిన మాటలు ఇక ఆమె నమ్మది. ఆమె మంచిగున్న అని చెప్తే నేను నమ్మ. మా ఇద్దరి మధ్యల ఉన్న ఒక్క బాట నేనే కూలగొట్టిన.

గందుకే ఇది సదువుతున్న మిమ్మల్ని అడుగుతున్న. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కినంక బోథ్ ఎక్స్ రోడ్డు కాడ దిగుండ్రి. జాంగూడ అంటే ఆటోవాళ్లు చెప్తరు. రోడ్డు పక్కకే చేను, ఒడ్డున సున్నమేసిన సమాధి, దాని ఎనుక పెంకుటిల్లు. గంగుబాయి అంటరు. మీరెవరని అడగకుంట ముందుగాల చెంబు నీళ్లు ఇస్తది. మా భాషల నీళ్లను ఏర్ అంటరు. ఆ ఒక్క మాట నేర్చుకొని పోతే చాలు. కాళ్లు కడుక్కోండ్రి, తాగుండ్రి, జరసేపు కూసోండ్రి. మోతుబాయి పంపిందని మాత్రం అనకుండ్రి. ఆమె చెంబు మీ చేతికిచ్చేటప్పుడు చెయ్యి వణుకుతున్నదా, పొయ్యిల నిప్పున్నదా, ఆ పూట ఏమన్న తిన్నదా, అది చూసి రాండ్రి.